రుక్కు కాలికి సర్కారు నంబరు

1960 అక్టోబరు 9

మిల్లు సేటు కొత్త సంవత్సరానికి పంచిన డైరీ ఇది. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఆయన లెక్కలకు ఇది పనికిరాలేదట, ఇన్ని నెలలు ధాన్యం సంచుల మధ్యనే పడి ఉన్నది. "నీకు నోట్లెకెళ్లి మాట రాదు గద, రాసుకోరాదు?" అని తెచ్చిచ్చిండు. కరీంనగర్‌లో ఐదో తరగతి దాకా చదివిన. పంతులు నా దస్తూరి చూసి మెచ్చుకునేటోడు. పెండ్లయి ఈ కొత్తూరుకు వచ్చినంక దాన్ని చూసేటోళ్లు లేరు. ఇగ నేనే చూసుకోవాలె.

ఏం రాయాలె? ఇయ్యాల బీరకాయ కూర. ఉప్పు ఎక్కువైందని అత్తమ్మ అన్నది. ఎక్కువ కాలే. పాప రుక్కు బాగనే ఉన్నది, ఇప్పుడిప్పుడే నవ్వుడు నేర్చింది. కుడి పాదం కొంచెం లోపలికి ఒంగి ఉంటది. నిద్రలో ముడుచుకునే అలవాటు. అంతే.

అక్టోబరు 11

మొన్న పాదం ముచ్చట ఎందుకు రాసిన్నో.

అక్టోబరు 16

పాలు పోసే సమ్మవ్వ తొట్టెలోకి తొంగిచూసింది. నేను పాప కాళ్ల మీద గుడ్డ కప్పి ఉంచిన.

"గింత ఉక్కపోతల గా పోరికి గుడ్డెందుకు పిల్లా?"

నేను అత్తమ్మ దిక్కు చూసిన. అత్తమ్మ అందుకున్నది. "దోమలు."

"దోమలు కాళ్లకే కుడతయా కిష్టవ్వా?"

"మా ఇంట్ల దోమలు కాళ్లకే కుడతయి. నువ్వు పాలు పోసి పో."

అత్తమ్మ గొంతు గల్లీ చివరికి వినబడతది. ఆమె, నేను ఒక్క మాట మీద ఉన్నది పెండ్లయినంక ఇదే మొదటిసారి. సమ్మవ్వ పోయినంక ఆమె గుడ్డ తీసి పాదానికి ఆముదం పెట్టింది. "కడుపుల అడ్డం పండుకున్నది, గందుకే గిట్లయింది. రుద్దితే సక్కగైతది. నా చేతుల మీద ఎన్ని కాళ్లు సక్కగైనయో!" అన్నది. ఎవరి కాళ్లు అని మా ఆయన అడిగితే, పొయ్యి మీద పప్పు పొంగుతుందని లేచిపోయింది. పొయ్యి మీద పప్పు లేదు.

అక్టోబరు 24

మా ఆయన రుక్కును ఒళ్లో పండబెట్టుకొని పాదాన్ని అరచేతిలో పెట్టి చూసిండు. చెయ్యికి అరికాలు ఆనలే. అరికాలు ఎదురు కాలును చూస్తుంది. మళ్ల గుడ్డ కప్పిండు. తర్వాత "రేపు దవాఖానకు పోదాం" అన్నడు.

"సర్కారు దవాఖానకా?" అన్నది అత్తమ్మ. "ఫుకట్ మందు ఫుకట్ తీరుగనే పనిచేస్తది."

"పైసలు పెట్టే మందు నువ్వు కొనిస్తవా అవ్వా?"

అత్తమ్మ రెండో మాట అనలే. నేను మొదటి మాట కూడా అనలే.

అక్టోబరు 25

దవాఖానకు పోయినం. డాక్టరు పేరు యేసుదాసు. ఈ ఏడే వచ్చిండు. సన్నగ ఉంటడు, సైకిలు మీద తిరుగుతడు, మిషను బళ్లె చదివి పెద్దచదువుకు పోయిండట.

"నీ పేరేందమ్మా?" అని నన్ను అడిగిండు. నా నోరు తెరుచుకోలే. "సారక్క" అన్నడు మా ఆయన.

"బిడ్డ పేరు?" "రుక్కు సార్."

"పాలు మంచిగ తాగుతుందా?" "తాగుతది సార్."

"పాలు గూడ నువ్వే ఇస్తున్నవా హనుమండ్లూ?"

వరండాలో కూర్చున్నోళ్లందరు నవ్విండ్రు. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. రుక్కు కూడా నవ్వింది, దానికి ఏం అర్థమైందో.

తర్వాత డాక్టరు నవ్వలే. పాదాన్ని అటు ఇటు మెల్లగ తిప్పి చూసిండు. "ఇప్పుడు గీ ఎముకలు పచ్చిమట్టి. ఎట్ల తిప్పితే అట్ల తిరుగుతయి. నిలబడే వయసు వచ్చేసరికి గట్టిపడతయి. గప్పటికి సక్కగ కాకుంటే పాదం అంచు మీద నడుస్తది, బతికినన్ని దినాలు."

నేను నేల చూసుకుంట నిలబడ్డ. వారం వారం పిండికట్టు వెయ్యాలట, ప్రతిసారి పాదాన్ని కొంచెం తిప్పి మళ్లీ వెయ్యాలట. ఖర్చెంత అని మా ఆయన అడిగిండు. "సర్కారుది. నీ పైస అక్కెర లేదు" అన్నడు డాక్టరు.

కట్టు వేసింది కంపౌండరు అంబదాస్. ఆదిలాబాద్ దిక్కు మనిషి, మాటల నడుమ మరాఠీ పడుతది. జొన్నరొట్టెకు పిండి కలిపినట్టు తెల్లపిండి కలిపి, గుడ్డపట్టీ ముంచి చుట్టిండు. "చోటీ రొట్టె" అన్నడు రుక్కు కాలును చూసి. కాలు తెల్లగ, గట్టిగ, ముద్దుగ ఉన్నది. ఇగ ఫికర్ లేదు. ఇంటికొచ్చేటప్పుడు కాళ్ల మీద గుడ్డ కప్పిన. ఎండ ఎక్కువున్నది.

అక్టోబరు 26

కట్టు కరిగిపోయింది.

పొద్దుగాల అత్తమ్మ పీట మీద కూర్చొని కాళ్లు చాపింది. రుక్కును కాళ్ల మీద బోర్ల పండబెట్టింది, నూనె, శనగపిండి, బిందెడు వేడినీళ్లు. రోజూ జరిగేదే. నేను "అత్తమ్మా, కట్టు" అన్న. అన్ననో అనుకున్ననో. నీళ్ల చప్పుడులో ఆమెకు వినబడలే. తెల్లనీళ్లు కాలువ దిక్కు పోయినయి. పట్టీ పాత మురికిగుడ్డ తీరు వేలాడింది.

"గిదేం కట్టు? నీళ్లకు ఆగని కట్టు ఎక్కడన్న ఉంటదా?" అన్నది అత్తమ్మ.

నవంబరు 9

రెండోసారి కూడా కరిగింది. మూడోసారి అత్తమ్మ ఆ కాలు బయటికి పట్టుకొని ఒక్క చేతితోటే నీళ్లు పోసింది. రుక్కు జారింది. జారినదాన్ని పట్టుకోబోయి బిందె వదిలింది. బిందె నీళ్లు కట్టు మీదనే పడ్డయి.

దవాఖానకు పోయేదాక మా కట్టు ఒక్కటే కరిగిందనుకున్న. అందరిదీ అదే కథ. చెరువు అవతలి లంబాడీ తండా సక్కుబాయి కొడుక్కు రెండు పాదాలు అట్లనే ఉన్నయి, ఆ రెండు కట్లూ కరిగినయి. ఇంకా చాలామంది తల్లులు. డాక్టరు తలపట్టుకున్నడు. "పిల్లగాండ్లకు వారం దినాలు నీళ్లు పొయ్యకుంటే ఏమైతది?"

"అయ్యో!" అన్నరు ఆడోళ్లందరు, ఒక్కసారే. నేను కూడా అన్న. మందిలో నా గొంతు బాగనే వస్తది.

"పిండి అయిపోవచ్చింది సాబ్" అన్నడు అంబదాస్. "మళ్ల వచ్చేది ఏప్రిల్‌లనే. ఏడాదికి ఇచ్చేదంత ఇచ్చిండ్రు, నీళ్లల్ల పోయింది."

నవంబరు 12

డాక్టరు మా ఇంటికొచ్చిండు! నీళ్లు పోసుడు చూస్తడట. నేను తలుపు ఎనుక నిలబడ్డ. అత్తమ్మకు ఎవరన్న చూస్తుంటే పని ఇంకా మంచిగ వస్తది. రుక్కును తిప్పి, దులిపి, చేతులు అడ్డం నిలువు సాగదీసి, చివరికి ముక్కు పట్టి గుంజింది.

"ముక్కెందుకు గుంజుతున్నవు అవ్వా?"

"లేకుంటే నీ ముక్కు తీరైతది కొడుకా."

డాక్టరు తన ముక్కు తడుముకున్నడు. తర్వాత గద్దె మీద కూర్చొని మా ఆయనతోటి అన్నడు: "తప్పు నాదే. మీరు నీళ్లు పొయ్యకుండ ఉండరు. కట్టు కరగకుండ ఉండది. ఊడదీసి మళ్ల పెట్టుకునేది కావాలె."

"గసొంటిది దొరుకుతదా సార్?"

"దొరకది. చేసుకోవాలె."

మా ఆయనకు మాటలు పొడిగించే అలవాటున్నది. మిషను దవాఖానలో అయితే మంచి సామానుంటది గద, అక్కడెందుకు చేరలేదని అడిగిండు. డాక్టరు చాయ్ ఊదుకుంట చెప్పిండు. "సామానుంటది. అడిగితే దవాఖాన నడిపే దొరసాని తెప్పిస్తది. గని అక్కడికి గిసొంటి కాళ్లు ఏడాదికి ఒకటో రెండో వస్తయి, పైసలున్నోళ్లయి. ఇక్కడ ఫుకట్ గనుక చుట్టుపక్కల ఊర్లన్ని వచ్చినయి. ఒక్క కాలు చూసి చేస్తే తప్పెక్కడున్నదో తెల్వది. నీ బిడ్డకు గుచ్చుకున్నకాడ సక్కుబాయి కొడుక్కు గుచ్చుకోకుండ చేస్త. గిది సర్కారు దవాఖానలనే అయితది."

"మరి సర్కారు సామానియ్యది గద?"

"పాలపొడి డబ్బాలున్నయి గద" అన్నడు డాక్టరు.

గర్భిణీలకు పంచే పాలపొడి ఖాళీ డబ్బాలు దవాఖాన ఎనుక కుప్పగ పడి ఉన్నయి. నేను చాలాసార్లు చూసిన. అవి కాళ్లని నాకెప్పుడు అనిపించలే.

నవంబరు 21

ఊర్లోకొచ్చిన రేకుల పని వెంకటి డబ్బా కోసి, ఒంచి, పాదం తీరుగ చేసిండు. లోపల దూది, మీద గుడ్డ, రెండు తోలుపట్టీలు. నీళ్లు పోసేటప్పుడు తీసి, పోసినంక మళ్ల కట్టాలె. తీసినప్పుడల్లా పాదాన్ని ఎట్ల పట్టి తిప్పాలెనో డాక్టరు అత్తమ్మకు చూపించిండు. "గిది నాకు రాదా?" అన్నది ఆమె. రాలే. రెండుసార్లు చూపియ్యాల్సి వచ్చింది.

నవంబరు 24

మడిమె దగ్గర ఎర్రగ కందింది. రుక్కు రాత్రంతా ఏడ్చింది. అత్తమ్మ రేకును వాకిట్లోకి విసిరింది. పొద్దుగాల మా ఆయన దాన్ని ఏరుకొని దవాఖానకు పోయిండు.

డిసెంబరు 3

రెండో రేకు వదులు. రుక్కు తన్ని ఊడగొట్టుకుంటుంది. ఊడినప్పుడల్లా ఆడుకునే సామాను దొరికినట్టు నవ్వుతుంది.

డిసెంబరు 15

మూడోది నిలబడ్డది. సక్కుబాయి కొడుక్కు మడిమె కాడ రేకు కోసి తీసేస్తే కందలేదట, మాది కూడా అట్లనే కోసిండ్రు. ఇంకొకరి బిడ్డకు పట్టీ అడ్డంగ కాకుండ ఏటవాలుగ పెడితే ఊడలేదట, మాకు కూడా ఏటవాలుగనే పెట్టిండ్రు. రుక్కు కాలి మీద ఎందరి కాళ్ల తెలివో ఉన్నది.

పాదం సక్కగైంది.

డిసెంబరు 16

సక్కగ కాలే. కొంచెం తిరిగింది. కానీ తిరిగింది.

1961 జనవరి 6

అంబదాస్ పరేషాన్‌లో ఉన్నడు. ఖాళీ డబ్బాలు కూడా సర్కారు సొమ్మే, రిజిస్టర్‌లో ఉంటయి. కోసిన డబ్బాలను ఏమని రాయాలె? డబ్బా అంటే డబ్బా లేదు. లేదంటే దొంగతనమైతది. ఆఖరికి "కాలి రేకు" అని కొత్త వరుస గీసి, ఒక్కొక్క రేకుకు ఎర్రరంగుతోటి నంబరు వేసిండు. రుక్కుది పదకొండు.

"కిష్టవ్వా, గిది సర్కారు సామాను. పోగొడితే జవాబు చెప్పాలె."

"పోరి నాది, కాలు నాది, రేకు నీదా?" అన్నది అత్తమ్మ.

మా ఆయన ఇప్పుడు ఇంటికి రాంగనే "పదకొండో నంబరు అన్నం తిన్నదా?" అని అడుగుతుండు. రుక్కు ఆ పిలుపుకు కూడా తల తిప్పుతుంది.

ఫిబ్రవరి 19

బాగనే ఉన్నది. రాయాల్సినంత ఏం లేదు. సంతోషంగ ఉంటే రాయాలనిపియ్యదు.

మార్చి 22

అంబదాస్ ఇంటింటికీ తిరిగి చెప్పిపోయిండు. సర్కారు సామాను ఏడాదికోసారి లెక్కజూస్తరట. రిజిస్టర్‌లో ఉన్న సామానంతా ఆ రోజు దవాఖానలో కనబడాలె. అంటే రేకులు కనబడాలె. అంటే రేకులున్న కాళ్లు రావాలె.

"నువ్వు గూడ వరుసల నిలబడాల్నా సర్కారు సామాను ఎంట?" అని మా ఆయన నన్ను ఆటపట్టిస్తుండు. నాకేం భయం లేదు. చూసి పోతరు.

మార్చి 25

జిల్లా నుంచి పెద్దసారు జీపులో వచ్చిండు. మంచాలు లెక్కపెట్టిండ్రు, బక్కెట్లు లెక్కపెట్టిండ్రు. తర్వాత వరండాలో చాప పరిచి పిల్లగాండ్లను వరుసగ పండబెట్టిండ్రు. అంబదాస్ రిజిస్టర్ పట్టుకొని "ఒకటి... రెండు..." అనుకుంట వచ్చిండు. పిల్లగాండ్లు రేకుకాళ్లు నేలకు కొడుతుంటే అంగట్లో గిన్నెల దుకాణం చప్పుడు. ఐదో నంబరు పక్కోన్ని తన్నింది. ఏడో నంబరు పెద్దసారు బూటు మీద ఉచ్చ పోసిండు.

పెద్దసారు కోపం చెయ్యలే, రుమాలు తీసి తుడుచుకున్నడు. వంగి ఒక్కొక్క కాలు చూసిండు. "బాగున్నది డాక్టర్. ఎవరు పెట్టమన్నరు?"

"ఎవరూ పెట్టమనలే సార్. పిండి అయిపోయింది, నీళ్లకు ఆగలే."

"మన దగ్గర రోగి ఒంటి మీద పెట్టేది మంజూరైన సామానే ఉండాలె. గిది ఆ లిస్టుల లేదు. రేపు ఒక కాలు పుండుపడితే జవాబు ఎవరిది?"

"నాది."

"నీది గాదు, సర్కారుది. పైసలిచ్చి పోయేటోడు నచ్చకుంటే కొట్లాడతడు. ఫుకట్‌గ వచ్చేటోళ్లు నోరు తెరిచి అడగరు. గందుకే వాళ్ల దిక్కు నుంచి మేము అడగాలె."

ఆయన చెడ్డోడు కాదు. అదే నాకు కష్టమనిపించింది. తల్లుల దిక్కు తిరిగి "మీకెట్లున్నది? ఎవరన్న చెప్తరా?" అని అడిగిండు. అత్తమ్మ జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది. సక్కుబాయి తన భాషలో చాలా చెప్పింది, ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలే. నా దిక్కు చూసిండు. నాకు చెప్పాల్సిందంతా తయారుగ ఉన్నది. గొంతులోకి రాలే.

"చూసినవా" అన్నడు డాక్టరుతోటి. హైదరాబాద్‌కు కాయితం రాయాలట. మంజూరు వస్తే పెట్టుకోవచ్చట. ఎప్పుడొస్తదంటే దసరా లోపల రావచ్చట.

"గప్పటిదాక గీ ఎముకలు ఆగుతయా సార్?"

పెద్దసారు రిజిస్టర్ అడిగిండు. రేకులను పనికిరాని సామాను కింద రాయించిండు. అంబదాస్ ఒక్కొక్క కాలు నుంచి విప్పి గోనెసంచిలో వేసిండు. పదకొండో నంబరు పట్టీ బిగుసుకుంటే చానసేపు పట్టింది. నా మొహం చూడలే.

మార్చి 28

పాదం బాగనే ఉన్నది.

ఏప్రిల్ 2

మా ఆయన తనే కిరోసిన్ డబ్బా కోసి రేకు చేసిండు. వేలు తెగింది. తయారైనదాన్ని చూసి అత్తమ్మ "బియ్యం తోడుకోను మంచిగున్నది" అన్నది. నిజంగనే బియ్యం సంచిలో వేసుకున్నది. వెంకటి జాతరల మీద పోయిండు, వానలు పడ్డంకనే వస్తడట. మంచిర్యాలలో రేకుల దుకాణం ఉన్నది గాని, "మాటల మీద చెయ్యలేం, నమూనా తెండ్రి" అన్నరట. నమూనాలన్ని గోనెసంచిలో ఉన్నయి. సంచి మీద సర్కారు తాళం. కొత్త పిండి వచ్చినా మళ్ల నీళ్లల్లనే పోతది.

ఏప్రిల్ 8

పాదం బాగనే ఉన్నది. నిద్రలో కొంచెం ముడుచుకునే అలవాటు.

ఏప్రిల్ 9

అబద్ధం. లోపలికి తిరుగుతుంది. అత్తమ్మ రోజూ తిప్పుతుంది, వదలంగనే పోతది. రుక్కు ఇప్పుడు కూర్చుంటుంది. కూర్చున్నంక ఎన్ని దినాలకు నిలబడతరు పిల్లగాండ్లు?

ఏప్రిల్ 14

పనికిరాని సామాను హర్రాజు వేస్తరట! అంబదాస్ వచ్చి చెప్పిండు. విరిగిన మంచం, ఓటి బక్కెట్లు, రేకులు. ఎవరన్న కొనుక్కోవచ్చు, దవాఖానలో కొలువున్నోళ్లు తప్ప. "రేకుల కుప్ప వేరేగ పెడుతున్న. చిన్న సామాను వేరే పెట్టాలని రూల్ ఉన్నది" అన్నడు. ఉన్నదో లేదో.

ఒక్కసారి కొంటే అది మనదే. డాక్టరు ఏమంటడో అని మా ఆయన అడిగిండట. "సొంత సామాను తెచ్చుకున్నోళ్లను వద్దనే రూల్ నాకెవరు చూపియ్యలే" అన్నడట.

సక్కుబాయికి, తక్కిన తల్లులకు కబురు పంపినం. అందరం తలా కొంత వేసుకుంటం. మా ఆయన వేలం పాడుతడు. ఇగ ఫికర్ లేదు.

ఏప్రిల్ 19

సేటు మా ఆయనను బియ్యం లారీ ఎంట కరీంనగర్ పంపిండు. హర్రాజు రేపే. "నేను లేనా?" అన్నది అత్తమ్మ. అవును, అత్తమ్మ ఉన్నది. ఆ గొంతుకు ఎవడు ఎదురు నిలబడతడు?

ఏప్రిల్ 20

ఇది పూర్తిగ రాసుకోవాలె.

దవాఖాన ముందర చాలామంది గుమిగూడిండ్రు. అంబదాస్ స్టూలు ఎక్కిండు. డాక్టరు లోపల కిటికీ దగ్గర కూర్చున్నడు, బయటికి రావద్దు గనుక. మంచం, బక్కెట్లు గట్టయ్యకు పోయినయి. ఆయన మంచిర్యాల పాతసామాన్ల మనిషి, నోట్లో పాన్, చెవిలో పెన్సిలు. తర్వాత రేకుల కుప్ప.

"రెండు రూపాలు" అన్నడు గట్టయ్య.

అత్తమ్మ ముందుకొచ్చింది. "గీ చిల్లర రేకులకు రెండు రూపాలా? రూపాయిన్నరకియ్యి!"

అందరు నవ్విండ్రు. "అవ్వా, హర్రాజుల పైకి పోవాలె, కిందికి గాదు" అన్నడు అంబదాస్.

"నేను పుట్టినకాడికెళ్లి ఏ అంగట్ల పైకి పోలే. రూపాయి పావలా! ఇస్తే ఇయ్యి, లేకుంటే పోతున్న."

అంబదాస్ స్టూలు మీద చేతులు జోడించిండు. "అవ్వా, అట్లగాదు..."

"పోతున్న మరి!" అని అత్తమ్మ నిజంగనే కదిలింది. అంగట్లో ఎట్ల పోతదో అట్లనే, మెల్లగ, ఎనుక నుంచి పిలుస్తరని చెవి ఇటే పెట్టి, గేటు దాకా పోయింది. ఎవరూ పిలువలే.

"రెండు రూపాలు, ఒకటోసారి" అన్నడు అంబదాస్. నా దిక్కు చూసిండు.

సక్కుబాయి నన్ను మోచేతితోటి పొడిచింది. తల్లులందరు నన్నే చూస్తుండ్రు. సదువుకున్నదాన్ని నేనే గద.

"రెండోసారి." ఈ మాటను అంబదాస్ చానా సాగదీసిండు. దగ్గిండు. మెడ గోక్కున్నడు.

"మూడు" అన్న. ఎవరికీ వినబడలే.

"మూడు రూపాలు!"

ఆ గొంతు నాదని నాకే తెల్వలే. రుక్కు ఉలిక్కిపడి నా మొహం చూసింది. గట్టయ్య పాన్ నములుడు ఆపి ఎనక్కి తిరిగిండు. "ఎవరమ్మా గది? రేకుముక్కలు ఏం చేసుకుంటవు, పప్పు గరిటెలా?"

రుక్కు కాళ్ల మీద గుడ్డ తీసిన. పాదం పట్టుకొని ఎత్తి చూపించిన, అంతమంది ముందర. "గీ కాలుకు" అన్న. "తీసేసినంక మళ్ల ఒంగుతుంది. గీమె కొడుక్కు గూడ. గీళ్లందరికి గూడ. డాక్టరు సాబ్ చేసినయి మంచిగ పనిచేసినయి. గప్పుడు అడిగితే నేను చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

కిటికీలో డాక్టరు తల దించుకున్నడు.

గట్టయ్య పాదాన్ని కాసేపు చూసిండు. "గా ముచ్చట ముందుగాల చెప్పద్దా? గా ముసలమ్మతోటి బేరమెందుకు ఆడిచ్చిండ్రు?" అని చెవిలో పెన్సిలు సరిచేసుకొని బక్కెట్లు లెక్కపెట్టుకోబోయిండు.

"మూడు రూపాలు, మూడోసారి!" అని అంబదాస్ ఒక్క గుక్కలో అన్నడు.

అత్తమ్మ గేటు నుంచి వచ్చింది. "ఎంతకిచ్చిండు?"

"మూడుకు."

"చూసినవా! నన్ను ఇంకో అడుగు వెయ్యనిస్తే రూపాయికి పిలుస్తుండె."

ఏప్రిల్ 21

కాళ్లు పెరిగినయి, రేకులు పెరగలే. పదకొండో నంబరు రుక్కుకు ఇప్పుడు పట్టది. సక్కుబాయి కొడుకు కుడికాలి రేకు రుక్కుకు వచ్చింది. అతని కుడికాలికి ఐదో నంబరు రేకు పట్టింది. ఐదో నంబరు పిల్లకు ఏదీ రాలే, నమూనా మంచిర్యాలకు పంపినం. డాక్టరు వరండాలో కూర్చొని ఒక్కొక్కరికి పట్టీలు సరిచేసిండు. నాతోటి "సారక్కా, పట్టీ ఎక్కడ కోస్తుందో చెప్పు" అన్నడు. చెప్పిన. మా ఆయన లేడు గద, నేనే చెప్పాలె.

మే 30

ఎండలు. పాదం తిరుగుతుంది, సక్కగయ్యే దిక్కే. ఈసారి అబద్ధం కాదు. అత్తమ్మను కూడా అడిగిన.

జులై 18

హైదరాబాద్ నుంచి కాయితం వచ్చింది. రేకు ఆలోచన మంచిదట. మూడు నాలుగు దవాఖానలలో పెట్టి చూస్తరట. నమూనా పంపుమన్నరు. అంబదాస్ మా గడప ముందర నిలబడి తలకాయ గోక్కున్నడు.

"సర్కారు దగ్గర ఒక్కటి గూడ లేదు చెల్లే. అన్ని అమ్ముకున్నం."

అత్తమ్మ కాళ్లు చాపుకొని కూర్చున్నది. "పది రూపాలు."

"అవ్వా!"

"పైకి పోవాలంటివి గద."

నేను లోపలికి పోయి పదకొండో నంబరు తెచ్చిచ్చిన. ఎర్రరంగు సగం ఊడింది. పైసలు తీసుకోలే. ఫుకట్ అయితేనే గద ఎక్కడెక్కడి కాళ్లో వస్తయి. "మడిమె కాడ రేకు కోసి తియ్యాలని రాయుండ్రి. పట్టీ ఏటవాలుగ ఉండాలె. నీళ్లు పోసేటప్పుడు తియ్యాలె, పోసినంక మరిచిపోవద్దు. గిది గూడ రాయుండ్రి" అన్న.

అంబదాస్ పోయినంక అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు గిన్ని మాటలు ఎప్పుడొచ్చినయే?" అన్నది.

ఆగస్టు 11

పొద్దుగాల అత్తమ్మ నీళ్లు పోసినంక రేకు కట్టకముందు రుక్కును గచ్చు మీద దించింది. తుడుచుటానికి తువ్వాల అందుకునేలోపల రుక్కు గోడ పట్టుకొని లేచింది. నిలబడ్డది. తడికాళ్లతోటి రెండడుగులు గోడ వెంట జరిగి, కూలబడ్డది.

ఎర్ర గచ్చు మీద తడి అచ్చులు. ఎడమ పాదం, కుడి పాదం. కుడిది కొంచెం వంకర. కానీ వేళ్లు పడ్డయి, అరికాలు పడ్డది, మడిమె పడ్డది. గుండ్రంగ, నిండుగ, మడిమె.

అత్తమ్మకు మాట రాలే. అత్తమ్మకు!

ఎండ అప్పుడే గచ్చు మీదికి వస్తుంది. అంచులు ఆరుతున్నయి. మా ఆయన చూడాలె. నేను వాకిట్లోకి ఉరికిన. ఎదురుంగ మిల్లు, ఆయన కాంట దగ్గర నిలబడి సంచులు తూకం వేయిస్తుండు. "ఏమండీ" అన్న. మిల్లు చప్పుడు. "ఇటు చూడుండ్రి" అన్న. వినబడలే. ఇంకేం చెయ్యాలె?

"హనుమండ్లూ!"

మిల్లు చప్పుడు మీదికెళ్లి పోయింది ఆ కేక. హమాలీలు సంచులు దించి చూసిండ్రు. సేటు బయటికొచ్చిండు. సమ్మవ్వ పాలచెంబు పట్టుకొని రోడ్డు నడిమిట్ల నిలబడ్డది. గల్లీలో ఏ ఆడమనిషీ మొగన్ని గట్ల పిలిచి ఉండది. ఆయన పరేషానై, ఏమైందోనని చెప్పులు కూడా వేసుకోకుండ ఉరికొచ్చిండు.

"పేరు పెట్టి పిలుస్తవానే!" అని అత్తమ్మ అరిచింది. ఆమెకు మాట మళ్ల వచ్చింది.

ఆయన వచ్చేసరికి గచ్చు ఆరిపోయింది. ఏం లేదు. ఎర్ర గచ్చు, ఎండ. "ఏముండె?" అని నా దిక్కు, అత్తమ్మ దిక్కు చూసిండు.

అత్తమ్మ చెంబెడు నీళ్లు తీసుకొని రుక్కు కాళ్ల మీద పోసింది. నేను దాని చంకల కింద చేతులు పెట్టి లేపి, గోడ పట్టిచ్చి, మెల్లగ చేతులు తీసిన.

మడిమె మళ్ల పడ్డది.